సంరక్షకుల పేరు

రాత్రి రెండుంబావుకి నేవీ పడవ ఆమెను తెచ్చింది.
పొట్ట పలకలా బిగిసి ఉంది,
గోళ్ళ సందుల్లో ఇంకా సముద్రపు నాచు.
డాక్టర్ ఇతుర్రా చేతులు కడుక్కుంటూ
"పేగు పగిలింది" అన్నాడు, అంతే.
ఆ తలుపు మూసుకున్నాకే నా పని మొదలవుతుంది.

నేను కత్తి పట్టను. ఫోను పడతాను.
కాస్త్రో ఆసుపత్రి రెండో అంతస్తులో, ఎప్పుడూ పనిచేయని హీటరు పక్కన
నా బల్ల, నా చల్లారిన మాతే కప్పు.
కోసినవాళ్ళది మూడు గంటల పని,
నాది మూడు నెలలు.
ఈ మాట భోజనాల గదిలో అనను.

ఎదెల్మీరా గ్వెంతెయో, అరవై మూడేళ్ళు,
చెల్వే దీవిలో నాచు ఏరి, ఎండబెట్టి అమ్ముతుంది.
స్పృహ వచ్చాక దుప్పటి ఎత్తి, పొట్ట మీది సంచి చూసుకుని
"దీంతో నీళ్ళలోకి దిగొచ్చా?" అని అడిగింది.
దిగొచ్చు, కొన్నాళ్ళాగి, అన్నాను.
ఎన్నాళ్ళని మళ్ళీ అడగలేదు.

డిశ్చార్జి ఫారం తీశాను.
ఇంట్లో మెట్లున్నాయా? లేవు.
రేవు నుంచి ఇంటికి జారుడు బాట ఉంది,
ఆటుకి పొడుగవుతుంది, పోటుకి పొట్టిదవుతుంది.
మరుగుదొడ్డి? ఇంటి వెనక, ఆపిల్ చెట్లు దాటాక.
సంరక్షకుల పేరు?
ఆమె కిటికీ వైపు తిరిగింది.

చెల్లెలు పుంతా అరేనాస్‌లో. ఫోను ఎత్తలేదు.
దీవి నర్సు నోయెమీ ఎత్తింది:
సంచులొచ్చాయి, సైజు వేరు.
ఆర్నోల్దో పడవ మంగళవారం, శుక్రవారం,
అదీ గాలికి రేవు మూసెయ్యకపోతే.
తర్వాత గొంతు తగ్గించి చెప్పింది:
"ఆ ఇంటికి యాభై అడుగుల్లో రెమిహియో చిగ్వాయ్ ఉన్నాడు.
ఆ ఒడ్డున సిగ్నలు అందేది కూడా ఆయనింట్లోనే.
కానీ పదకొండేళ్ళుగా వాళ్ళకి మాటల్లేవు."
ఎందుకని?
"ఒక పంది గురించి."

ఆయన ఫోనెత్తే ముందు కట్టెలు చీలుస్తున్న చప్పుడు ఆగింది.
సంచి అంటే ఏమిటో, అందులోకి ఏమొస్తుందో
దాచకుండా చెప్పాను.
చాలాసేపు గాలి మాత్రమే వినిపించింది.
"ఈతకి తిప్పలుపడే గొర్రెలకి పురుడు పోసినవాణ్ణి," అన్నాడు చివరికి.
"ఆవిడకి మాత్రం పడవెక్కాక చెప్పండి."

అలా చెయ్యకూడదు. అప్పుడే వెళ్ళి చెప్పాను.
గోడవైపు తిరిగి పడుకుంది.
సూప్ చల్లారిపోయింది.
దీపాలార్పే వేళకి గోడతోనే అంది:
"చేతులు కడుక్కుని రమ్మనండి."

రెండు రోజులు రేవు మూశారు. మూడో రోజు వెళ్ళిపోయింది.

రోజూ ఆరింటికి ఆయన వాతావరణం చెప్పినట్టు చెప్పేవాడు:
ఎరుపు లేదు. చర్మం పొడిగా ఉంది.
బంగాళదుంపలు తింది, సగం.
వాపు తగ్గేకొద్దీ సంచి రంధ్రం చిన్నగా కత్తిరించాలి కదా,
నలభై రెండు మిల్లీమీటర్లు, తర్వాత ముప్ఫై ఎనిమిది, ముప్ఫై ఐదు.
చనిపోయిన భార్య కుట్టుకత్తెరతో కత్తిరిస్తాడట,
ముందు స్పిరిటుతో తుడిచి.
ఆమె ఏమంటోంది, అని అడిగితే
"ఏమీ అనదు. నేనూ అనను. పని జరుగుతుంది."

ఇరవై మూడో రోజు
"ఎరుపు లేదు" అంటుండగానే వెనక నుంచి ఒక అరుపు:
"నా పంది నీ కంచె పడగొట్టలేదు,
నీ కంచే పుచ్చిపోయింది, రెమిహియో!"
"పుచ్చిందా? నా చేత్తో పాతానే ఆ గుంజలు!"
ఫోను బల్ల మీద పడేసినట్టున్నాడు.
పదకొండేళ్ళ బాకీ ఒక్కో మాటా లెక్కపెట్టుకుంటున్నారు,
మధ్యలో ఆమె దగ్గు,
"పొట్ట పట్టుకుని దగ్గు!" అని ఆయన కేక,
మళ్ళీ పంది.

నేను ఫారంలో రాశాను:
ఊపిరి బాగుంది. గొంతు గట్టిగా ఉంది.
రెండో లైను మోగుతోంది, కింద ఎమర్జెన్సీ నుంచి.
తెలుసు.
ఇంకొక్క నిమిషం.